బలిఘట్టం క్యాంపులో మమ్మల్ని పొమ్మన్న రోజు

ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. "పెళ్లిళ్లయిన ఆడవాళ్లు, ఇల్లు చూసుకోక మీకెందుకమ్మా ఈ పిల్లాటలు?" అన్నారు క్యాంపు నడిపే స్కూలు హెడ్మాస్టరు గారు, అందరి ముందూ.

అది ఎనభైల మొదట్లో, బలిఘట్టం దగ్గర ఏటి ఒడ్డున స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఆడపిల్లల క్యాంపు మొదలైన రోజు. మేం ముగ్గురం పాత గైడ్లం. డెబ్బైల్లో నర్సీపట్నం స్కూల్లో నీలం యూనిఫాం వేసుకుని తిరిగినవాళ్లం. స్కూలు అయిపోయింది, పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. క్యాంపుకి రావడం మాత్రం మానలేదు. ఒకామె మిషన్ ఆస్పత్రిలో నర్సు, నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఇంకొకామెది బలిఘట్టమే, చెరకు రైతు భార్య. నేను మా ఆయన బెల్లం కొట్లో తూకాలు చూస్తూ లెక్కలు సొంతంగా నేర్చుకున్నదాన్ని. డేరాకి ఎంతమంది పడతారు, తాడెంత కావాలి, ఏ పూటకి బియ్యమెంత, ఇవి నా వంతు. ముడులు, కట్లు, పాటలు ముగ్గురమూ నేర్పేవాళ్లం, పనిలో పనిగా వంటా మేమే చేసేవాళ్లం.

గైడ్లకి ఒక పద్ధతి ఉంది. మెడలో స్కార్ఫు ఉన్నవాళ్లు ఒకరినొకరు పలకరించుకునేటప్పుడు ఎడమ చెయ్యి కలుపుతారు. అది గుండెకి దగ్గర అని మాకు చిన్నప్పుడు చెప్పారు. బయటివాళ్లకి అందరిలాగే దణ్ణం పెడతాం. ఆ తేడా మాకు తెలీక కాదు.

ఆ రోజు క్యాంపు ప్రారంభించడానికి ఒక ఆఫీసరు గారి భార్య వచ్చారు. హెడ్మాస్టరు గారు పూలదండతో ఊరుకోక ఆవిడ మెడలో మా స్కార్ఫు కూడా కట్టించారు. స్కార్ఫు వేసుకున్న మనిషి మాకు మా మనిషే. ఆవిడ మా దగ్గరికి రాగానే అక్క సెల్యూట్ చేసి, నవ్వుతూ ఎడమ చెయ్యి చాపింది.

ఆవిడ చటుక్కున వెనక్కి జరిగారు. "శుభమా అని వస్తే ఎడమ చెయ్యి ఇస్తారా?"

"అది మా పద్ధతండీ, స్కార్ఫు ఉంది కదా అని..." నేను చెప్పబోయాను. హెడ్మాస్టరు గారికి ఈ పద్ధతి తెలుసు. ఏటేటా చూస్తున్నారు. ఆయన ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు సరికదా, ఆ మాట అన్నారు. స్కార్ఫులు ఇచ్చేసి వెళ్లమన్నారు. ఇక మీదట రావద్దన్నారు.

నా స్కార్ఫు స్కూలుది కాదు, మా అమ్మ కుట్టింది. "ఇవ్వనండీ" అన్నాను. మెడ దగ్గర ముడి ఇంకా బిగించుకున్నాను. అత్తగారిని ఒప్పించి, పిల్లల్ని తోడికోడలికి అప్పగించి వచ్చినదాన్ని. నేను గైడుని కానని చెప్పడానికి ఆయనెవరు?

బలిఘట్టం ఆమె ఇల్లు క్యాంపుకి ఎదురుగానే. ఆ అరుగు మీద కూలబడ్డాం.

"తప్పయిందని సెప్పేద్దుమా? నేకపోతే పిల్లల క్యాంపు పోద్ది" అందామె.

"ఏటి తప్పు సేసేమని సెప్పాలే?" అక్క కసిరింది. "ఆవిడ మెళ్లో స్కార్ఫు నాను కట్టేనా?"

సాయంత్రం కృష్ణదేవిపేట నుంచి ఒక తల్లి కూతుర్ని చూసిపోదామని వచ్చింది. మేం లేమని, మా బదులు స్కూలు డ్రిల్లు మేష్టారు డేరాలు కట్టిస్తున్నారని తెలిసి అందుకుంది. ఆమె గొంతు మా అరుగు దాకా వినబడింది. "మా గుంటని ఆళ్ల మొకం సూసి అంపేం గానీ, మీ డ్రిల్లు మేష్టారి మొకం సూసేటండీ? బేగి మూట సర్దే, ఇంటికి పోదాం!" అక్కడున్న మిగతా తల్లులూ మూటలు వెతకడం మొదలుపెట్టారు.

కాసేపటికి హెడ్మాస్టరు గారే అరుగు దగ్గరికి వచ్చారు. పొరపాటయిందంటారేమోనని ఆశపడ్డాను.

"రండమ్మా, అయిందేదో అయింది. పొయ్యి కూడా వెలగలేదు. పిల్లలకి వంట ఎవరు చేస్తారు?"

అదీ సంగతి. ఇన్నేళ్లూ ఆయన కంటికి మేం వంటవాళ్లం!

"వస్తామండీ. గైడ్లుగా వస్తాం. వంటకి వేరే మనిషిని చూసుకోండి" అన్నాను.

"ఇప్పటికిప్పుడు ఎవరు దొరుకుతారమ్మా?"

"పెళ్లయినోళ్లు పనికిరారన్నారు గదా సార్" అంది అక్క. "మీ డ్రిల్లు మేష్టారికి ఇంకా పెళ్లవలేదు. ఆయన్ని వొండమనండి."

ఆయన పక్కకి తప్పుకున్నారు. మేం క్యాంపులోకి నడవడం చూసి తల్లులు మూటలు దించారు. డేరాలన్నీ ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. పిల్లల చేత తాళ్లు విప్పించి, కొలిపించి, మళ్లీ కట్టించాం. పొయ్యి వైపు ముగ్గురిలో ఎవరమూ వెళ్లలేదు. డ్రిల్లు మేష్టారు సైకిలేసుకుని ఊళ్లోకి పోయి హోటలు ఇడ్లీలు తెచ్చారు. చాలలేదు. పిల్లలు అర్ధాకలితో ఉన్నారని నాకు బాధే. అయినా పొయ్యి ముట్టించలేదు.

హెడ్మాస్టరు గారు మా దగ్గరికొచ్చి, "మీరూ తినండమ్మా" అన్నారు మెల్లగా.

"ముందు ఈ డేరా అవనివ్వండి" అని తాడు కొస ఆయన చేతికిచ్చాను. లాగి పట్టుకోమన్నాను. పట్టుకున్నారు.