చిన్న బాకా తీగలు

నా చిన్నప్పుడు నేను దేనికీ జంకేదాన్ని కాదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఒట్టి మాట. ఒక మధ్యాహ్నం భయంతో నాకు నోరు పెగల్లేదు. ఆ సంగతి వాళ్లు మరిచిపోయారు గానీ నేను మరిచిపోలేదు.

హాడో రేవు దాటాక సముద్రం ఒడ్డున మా జాలరి బస్తీ. మా పక్కింటి మావయ్య ఈ దీవికి రాకముందు విశాఖపట్నంలో సినిమా హాలు ఆపరేటరు. హాలు వాళ్లు తీసి పారేసిన పాత స్పీకరును ఓడలో వెంట తెచ్చుకున్నాడు. పిల్లలం దూరి కూర్చోగలిగేంత పెద్ద బాకా ఒకటి, దాని నెత్తిన చిన్న బాకా. రెంటికీ మధ్య క్రాసోవర్ అని ఒక చెక్కపెట్టె. లావు స్వరాలను పెద్దదానికీ, సన్నవాటిని చిన్నదానికీ పంచేది అదే. ఎక్కడ పంచాలో, ఏ తీగ ఎటు బిగించాలో మావయ్య రోజుల తరబడి చెవితోనే తేల్చాడు. మమ్మల్ని మైకులో పాడమని, తను ఒడ్డు వెంట నడుస్తూ వినేవాడు. పండగలకే కాదు, మబ్బు కమ్మితే పడవల్ని పిలవడానికీ అదే దిక్కు. మా ఆడవాళ్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు కదా, అందుకని మైకు ముందు పిల్లలమే నిలబడేవాళ్లం.

ఆ ముందురోజు ఆడుకుంటూ చిన్న బాకా వెనకున్న రెండు తీగలూ ఊడదీశాను. ఎర్ర దారం కట్టినది ఎటుండేదో గుర్తులేక తోచినట్టు బిగించేశాను. మర్నాడు పొద్దున్న మావయ్య రికార్డు పెట్టినప్పుడు చిన్న బాకాకు చెవి ఆనించి చూశాను. పలుకుతూనే ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే వాన ముంచుకొచ్చి సముద్రం కనబడకుండా పోయింది. అన్ని పడవలూ వచ్చాయి, మా నాన్నది తప్ప. అమ్మ ఇసుకలో కూలబడింది. నన్ను మైకు ముందు నిలబెట్టారు. "నాన్నా" అని అరిచాను. నా గొంతు బోలుగా, ఎటు నుంచి వస్తోందో తెలియకుండా వచ్చింది. మావయ్య ఒడ్డుకు పరిగెత్తి విని, తిరిగొచ్చి, పెట్టె మూత విప్పి లోపల ఒక్కొక్కటే తడమసాగాడు. తప్పు అక్కడ లేదని నాకు తెలుసు. చెబితే చంపేస్తారని భయం. చెప్పకపోతే నాన్న రాడని అంతకంటే భయం. ఎంతసేపు అలా కొయ్యబారిపోయానో గానీ, అలా ఆగినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

"ఆ తీగలు నేనే మార్సీసినాను మావా," అన్నాను చివరికి.

ఆయన కొట్టలేదు. స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు. "జల్దీ తిప్పి బిగించు గుంటా. ఇడిగా రెండు బాకాలూ బాగానే పలుకుతాయి. తీగలు తిరగబడితే కలిసే కాడ ఒకదాని గొంతు ఒకటి మింగేస్తన్నాయి. బయపడు, పర్లేదు. సెయ్యి మాత్రం ఆపకు."

వేళ్లు వణికి మర రెండుసార్లు జారింది. మూడోసారికి బిగిసింది. ఈసారి నా పిలుపు వానలోకి సూటిగా పోయింది. గొంతు బొంగురుపోయేదాకా పిలుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి వాన తెరలోంచి మా పడవ ముక్కు బయటికొచ్చింది.

నాన్న దిగుతూనే అన్నాడు, "ముందర పిలుపు అదేటో బోలుగా ఉంది. ఆ గొంతు రాళ్లకాడి నుంచొస్తన్నట్టు ఇనబడితే పడవ అటే తిప్పీసినాను. మలి పిలుపు సూటిగా ఇనబడ్డాకే ఇటు మళ్లినాను." మావయ్య వినబడనట్టు పెట్టె మూత బిగించుకుంటున్నాడు. తీగల సంగతి ఆయన చెప్పడని నాకు అర్థమైంది. నన్నెవరూ అడగలేదు కూడా. అయినా చెప్పేశాను. నాన్న తడి చేయి నా తలమీద వేశాడు. ఆ చెయ్యీ వణుకుతోంది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఈ వయసులోనూ తప్పు చేస్తే నోరు పెగలదు. అప్పుడు ఆ స్క్రూడ్రైవరు బరువు అరచేతిలో తెలుస్తుంది. భయం పోయేదాకా ఆగను. వణుకుతూనే చెప్పేస్తాను.