చెయ్యి తీస్తే ఆగిపోయిన బోర్డు

అమీర్‌పేటలో తలెత్తితే కోర్సుల బోర్డులు తప్ప ఆకాశం కనపడని రోజులవి. మైత్రీవనం వెనక సందులో, జిరాక్స్ షాపు మీద మా ఇన్‌స్టిట్యూట్. చిన్న చిన్న చిప్పులకు ప్రోగ్రాం రాయడం నేర్పేవాళ్ళం. ల్యాబ్ నేను చూసుకునేదాన్ని.

ఆ ఎండాకాలం బ్యాచ్‌లో ఒకాయనకు యాభై దగ్గరపడ్డాయి. బాలానగర్‌లో ఆయన మెయింటెనెన్స్ చూసిన ఫ్యాక్టరీ మూతపడింది. పిల్లలు అంకుల్ అనేవాళ్ళు, నేను సార్ అనేదాన్ని. ఆయన నన్ను మేడమ్ గారూ అంటుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. పంజాగుట్టలో ఒక కంపెనీ, సొంతంగా చేసిన సర్క్యూట్ బోర్డు పట్టుకుని ఇంటర్వ్యూకి రమ్మంది. తెల్లారితే వెళ్ళాలి. బోర్డేమో పనిచెయ్యదు.

దాని మీద ఉన్నవి రెండే చిప్పులు. ఒకటి పెత్తనం చేసేది, రెండోది మెమరీ. మధ్యలో నాలుగు తీగలు. మొదటిది అడగాలి, రెండోది జవాబివ్వాలి, స్క్రీన్ మీద అంకెలు రావాలి. మా ల్యాబ్‌లోని ప్రాక్టీసు కిట్ మీద పరుగెత్తే ప్రోగ్రామే ఆయన బోర్డు మీద మొదటి లైను దగ్గర గుడ్లప్పగించి కూర్చుంది. విచిత్రమేమిటంటే, ఆయన బోర్డు మీద చెయ్యి ఆనిస్తే నడిచేది. తీస్తే ఆగిపోయేది.

మా ఓనరు తలుపు దగ్గర నిలబడే తేల్చేశాడు. "ప్రోగ్రాం మంచిగనే ఉన్నది అంకుల్. అందరికి నడుస్తుంది, మీకే నడుస్తలేదు. సోల్డరింగ్ సరిగ చెయ్యలే. జర చూస్కోండ్రి."

నాకు ఒళ్ళు మండింది. ఆ సోల్డరింగ్ ముత్యాలు పేర్చినట్టుంది! అయినా పాపం ఆయన అంతా ఊడదీసి మళ్ళీ చేశారు. తీగలు మార్చాం, వేగం తగ్గించాం, మెమరీ మార్చాం. ఊహూఁ.

"ఇంట్లో ఆవిడ రోజూ ఒకటే అడుగుద్దండీ, పనిచేసిందా అని," అన్నారు. "ఇది నడిస్తే ఉద్యోగం వచ్చినట్టేనని చెప్పేశాను. నోరూరుకోక."

ఇక లాభం లేదని పెత్తనం చేసే చిప్పు మాన్యువల్ ముందేసుకున్నాను. ఓ మూల నాలుగు ముక్కల్లో ఉంది సంగతి. ఆ చిప్పుకి ఇంకో పిన్ను ఉంది. వాడకపోయినా దాన్ని గాలికొదిలెయ్యకూడదు. అక్కడ వోల్టేజీ పడిపోతే చిప్పు పెత్తనం వదిలేసి, తననెవరో అడుగుతారని ఎదురుచూస్తూ ఉండిపోతుంది. మా కిట్ల మీద ఎవరో పుణ్యాత్ముడు ఆ పిన్నును ముందే ఐదు వోల్టులకు కట్టేశాడు కాబట్టి మాకెవరికీ ఆ గోలే తెలియదు. ఆయన బోర్డు మీద ఆ పని ఆయన చెయ్యి చేస్తోంది.

ఆ పిన్నుకీ ఐదు వోల్టులకీ మధ్య చిన్న రెసిస్టర్ ఒకటి వేశారు. చెయ్యి తీశారు. అంకెలొచ్చాయి.

హమ్మయ్య అని నేను లేవబోతుంటే, "ఎందుకు బాగైందో మళ్ళీ చెప్పండి మేడమ్ గారూ, రేపు అదే అడిగితేనో?" అన్నారు. చెప్పాను. తిరిగి నాకే అప్పజెప్పి, తప్పు పోయిన చోట ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పారు. బోర్డును స్వీట్ డబ్బాలో పెట్టుకుని వెళ్ళారు.

మర్నాడు సాయంత్రం వచ్చారు. "పనిచేసిందా సార్?" అన్నాను, లోపలికి రానివ్వకుండానే.

"ఆన్ చెయ్యమన్లేదండీ. పుట్టిన సంవత్సరం చూశారు. ఇది కుర్రాళ్ళ పోస్టండీ, టీ తాగి వెళ్ళండి అన్నారు."

నాకు ఏడుపొచ్చింది. ఆ కంపెనీవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన వినిపించుకోలేదు. డబ్బా మూత తీసి, "ఒక్కసారి ఇక్కడ ఆన్ చేసుకోనాండీ?" అన్నారు.

కరెంటు ఇచ్చాను. అంకెలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇంటికెళ్ళి పనిచేసిందని చెప్తానండీ," అన్నారు. "అబద్ధం కాదు కదా?"

కాదన్నాను.