కడగని గుల్లలు

లక్డారం ఊళ్లో నిహారిక పేరెత్తితే చాలు, "ఆ మొండి పిల్లనా?" అంటారు. ముప్పై ఆరేళ్లొచ్చినా వాళ్లకు పిల్లే. అనేవాళ్లకేం, అంటారు! ఆ మొండితనంతో ఆమె ఏం చేసిందో తెలిస్తే ఆ మాట అనే ముందు నోరు కడుక్కుంటారు.

కెమిస్ట్రీ చదివి కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఏడేళ్లు పనిచేసింది. అక్కడొక రివాజు. శాంపిల్ ఫెయిలైతే మళ్లీ చేస్తారు. మళ్లీ ఫెయిలైతే మళ్లీ. పాసైందా, అంతకు ముందరివన్నీ చెత్తబుట్టలోకే. పాసైనదాన్ని మాత్రం ఇంకోసారి చేసి చూసే పాపాన ఎవరూ పోరు. ఒకరోజు మూడోసారికి పాసైన బ్యాచి కాగితం ఆమె ముందుకొచ్చింది.

"మొదటి రెండు అబద్ధమైతే మూడోది నిజమని ఎట్ల నమ్మాలె?" అని అడిగింది.

"పాసైందిగా, సంతకం పెట్టమ్మా" అన్నాడు పై అధికారి.

నిహారిక పెన్ను కింద పెట్టింది. మెడలోని ఐడీ కార్డు తీసి దాని పక్కన పెట్టింది. బయటికొచ్చి షేర్ ఆటో ఎక్కింది.

తర్వాత ఏడాది ఖాళీ. ఏ కంపెనీకి వెళ్లినా అక్కడెందుకు మానేశావని అడిగేవారు, ఈ మహాతల్లి ఉన్నదున్నట్టు చెప్పేది. ఇంకెవరు పిలుస్తారు? చివరికి పటాన్‌చెరులో చిన్న ల్యాబు నడిపే హరినాథ్ పనిచ్చాడు. అతని తండ్రి గోదావరి వైపు సముద్రతీరం నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొడుక్కి మాత్రం సముద్రం పిచ్చి పోలేదు.

సముద్రం అడుగు నుంచి తెచ్చిన బురదను కడిగి, అందులో గసగసాలంత గుల్లల్ని ఏరడం నిహారిక పని. సముద్రపు నీటిలో తేలిక రకం, బరువు రకం అని రెండుంటాయి. తేలికది ముందు ఆవిరవుతుంది. మంచుయుగంలో ఆ ఆవిరి మంచై కురిసి, నేల మీదే కొండల్లా పేరుకుపోయింది. సముద్రం తగ్గింది, మిగిలిన నీటిలో బరువు రకం పాలు పెరిగింది. ఆ నీటిలో బతికిన జీవి కట్టుకున్న గుల్లలోనూ ఆ తేడా ఉండిపోయింది. గుల్లను ఆమ్లంలో కరిగించి, వచ్చిన గ్యాసును కొలిచి, నీటి వేడి వల్ల వచ్చే తేడాను తీసేస్తే, వేల ఏళ్ల కిందట సముద్రం ఎంత దిగిందో, ఎప్పుడు ఎగబాకిందో అంచనా కట్టవచ్చు.

తల్లి అరుణమ్మకు ఇవేవీ పట్టవు. "ఎవుసం జేసే ఇంట్ల పుట్టి గీ సముద్రం బురద కడుగుడేందే? అడుసు తొక్కుడెందుకు, కాళ్లు కడుగుడెందుకు?" అనేది.

"తొక్కుడు గాదమ్మా, ఒట్టి కడుగుడే" అనేది కూతురు.

మొన్న ఎండాకాలంలో కొలతలన్నీ కంప్యూటర్ తెర మీద చుక్కలై ఒకే గీత మీద వరుసగా నిలబడ్డాయి. మూడు మాత్రం ఎటో దూరంగా పడ్డాయి.

"ఆ మూడూ తీసెయ్యమ్మా, బురద పంపినవాళ్లకి సోమవారం రిపోర్టు ఇవ్వాలి" అన్నాడు హరినాథ్.

"ఎందుకు తీసుడు సార్?"

"కనబడట్లేదా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టున్నాయి."

"దారి తప్పినయని తీసేస్తే ఇగ కొలుచుడెందుకు? గీత ముందుగాలనే గీసుకుంటే అయిపాయె."

హరినాథ్ ముఖం ఎర్రబడింది. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే ఎలా? చెప్పింది చెయ్. లేదంటే నీ దారి నువ్వు చూసుకో!"

నిహారికకు భయం వేసింది. ఎందుకు వేయదు? ఆ ఖాళీ ఏడాది మళ్లీ కళ్ల ముందు నిలిచింది. కానీ భయానికీ ఆమె నోటికీ ఎప్పుడూ పొత్తు కుదరలేదు.

"అవే పొరల బురద ఇంకా ఉన్నది. మళ్ల కడిగి మళ్ల కొలుస్త. కానీ ముందుగాలనే మాట గావాలె సార్. గిట్లనే వస్తే రిపోర్టుల పెట్టాలె. వేరే వస్తే నా చేత్తోటి నేనే తీసేస్త. వచ్చినంక మాట మార్చుడు లేదు, మీరు గాని, నేను గాని."

"సరే" అన్నాడు హరినాథ్ విసుగ్గా.

కొలిచింది. మూడు చుక్కలూ బుద్ధిగా వచ్చి గీత మీద కూర్చున్నాయి!

"చూశావా?" హరినాథ్ మొహం వెలిగిపోయింది.

నిహారిక అక్కడితో ఊరుకుంటే కదా. పాత విడతలో మిగిలిన గుల్లల్ని పగలగొట్టి మైక్రోస్కోపు కింద చూసింది. లోపలి గదుల్లో సున్నపు దుమ్ము అలాగే ఇరుక్కుని ఉంది. వాటిని కడిగిన రోజు కరెంటు పోయి వచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గుల్లల్ని నీళ్లలో వణికించి కడిగే మిషన్ మధ్యలోనే ఆగింది. ఇంటికి వెళ్లే తొందరలో ఆమె చూసుకోలేదు.

"తప్పు నాదే సార్. కుందేలుకు నాలుగు కాళ్లే" అంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"పోనీలే, అందరికీ జరుగుతుంది" అన్నాడు హరినాథ్ చల్లబడి. ఆమె మూడు పాత చుక్కలూ తీసేసింది.

"ఇంకో ఐదు తీయాలె" అంది.

"ఏ ఐదు?"

"ఆనాడు ఒక్కతానే కడిగినవి ఎనిమిది. మూడు పక్కకు వోయినయి గాబట్టి పట్టుకున్నం. గా ఐదు గీత మీద సక్కగ కూసున్నయి గాబట్టి ఎవ్వలం సూడలె."

హరినాథ్ తెర మీదికి వంగాడు. సముద్రం ఒక్కసారిగా ఎగబాకిందని చెప్పేవి ఆ ఐదే. రిపోర్టుకు ప్రాణం అవే.

"అవి బాగానే ఉన్నాయిగా!"

"కాజీపల్లిల గూడ 'పాసైందిగా' అన్నరు సార్."

"అవి తీసేస్తే అక్కడేం మిగులుతుంది?"

"ఖాళీ మిగుల్తది. కడిగి మళ్ల నింపుదాం, నెల వడితే వడనీయి. గవి అట్లనే పంపుతనంటే మాత్రం..." ఆమె చేయి మెడలోని కార్డు మీదికి వెళ్లింది.

ఆ చేయి ఒకసారి ఏం చేసిందో హరినాథ్‌కు తెలుసు. మౌస్ ఆమె వైపు తోశాడు.

"నువ్వే తీసెయ్. నాకు చెయ్యి రావట్లేదు. సోమవారం వాళ్లకి ఏం చెప్పుకోవాలో ఏమో!"

"కడుగుట్ల తప్పయిందని చెప్పున్రి. నా పేరే చెప్పున్రి."

ఐదూ పోయాయి. గీత మధ్యలో తెగిపోయింది. నిహారిక బురద డబ్బా తెచ్చి కుళాయి తిప్పింది. అప్పుడే తల్లి ఫోన్.

"ఇంకా రావైతివి! నౌకరి ఉన్నదా, మళ్ల పోగొట్టుకున్నవా?"

"ఉన్నదమ్మా. బురద కడుగుతున్న. నువ్వు తిను."