యార్డు దాటని లారీ

తాండూరులో ఒక సిమెంటు కంపెనీ లారీ నడపడం ఉచితంగా నేర్పి, బదులుగా రెండేళ్లు తమ దగ్గరే పని చేయించుకుంటుందని విని వెళ్లాను. అప్పటికి నేను బషీరాబాద్ దారిలో ఆటో నడుపుతున్నాను. గుమాస్తా ఒప్పందం కాగితంతో పాటు సిరా ప్యాడు కూడా ముందుకు జరిపాడు.

"వేలిముద్ర ఎయ్యక్కా, సాలు."

"ఆగు సారూ, చదువుకుంట."

నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు. ఒక్కో వరుస కింద వేలు పెట్టి నెమ్మదిగా చదివాను. ఆడవాళ్లు లారీని కంపెనీ యార్డు లోపలే నడపాలని రాసి ఉంది.

"రోడ్డు మీద పరేషాన్ అయితవక్కా."

"రోజూ నీ అసొంటోళ్లను ఆటోల తిప్పేది రోడ్డు మీదనే గద సారూ!"

కాగితం తిరిగి ఇచ్చేశాను. వికారాబాద్‌లో ఇంకో కంపెనీ మూడేళ్లు అడిగింది. ఆ కాగితమూ మొత్తం చదివాను. యార్డు మాట లేదు. సంతకం పెట్టాను.

"ఇంకో ఏడాది ఎక్కువ కట్టుబడితివి, పిచ్చి లేసిందా?" అన్నాడు మా ఆయన.

"రోడ్డు మీద ఇంకో ఏడాది ఎక్కువుంట," అన్నాను.