కౌసల్యమ్మ పుచ్చుకున్న బంగారం

నాచారం పారిశ్రామికవాడలో 'కౌసల్యమ్మ పచ్చళ్లు' అన్న బోర్డు చూసినవాళ్లు ఈవిడెవరో పెద్ద యజమానురాలు అనుకుంటారు. యజమానీ లేదు, నా మొహమూ లేదు. ఆ కౌసల్యమ్మ అదే ఫ్యాక్టరీలో నెల జీతానికి ఆవకాయ కలిపేది.

జనగామ నుంచి బతుకుతెరువుకు వచ్చి, మొదట్లో ఉప్పల్ బస్ డిపో ముందు బండి మీద పచ్చళ్లు అమ్ముకునేది. ఆ రుచి మరిగి లక్ష్మీకాంత్ వెతుక్కుంటూ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, మాట మహా తియ్యన.

"మీ చేతి రుచీ, మీ పేరూ నాకివ్వండక్కా. షెడ్డూ పెట్టుబడీ నేను చూసుకుంటాను. పేరు వాడుకున్నందుకు రాయల్టీ ఇస్తాను" అన్నాడు.

"రాయల్టీ అంటే ఏంది తమ్మీ?"

"మర్యాదక్కా. మీకు జరగాల్సిన మర్యాద."

ఆమె దాంతోనే పొంగిపోయి, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

మర్యాద మాత్రం చేశాడు, కాదనకూడదు. మన వైపు దసరా నాడు జమ్మి ఆకును బంగారం అంటాం. అది పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. వాళ్ల ఊళ్లో లేని ఆ పద్ధతిని నేర్చుకుని మరీ అతను ఏటా ఆమె ఇంటికి వచ్చేవాడు. "బంగారం తీసుకోండక్కా" అంటూ ఆకులు పెట్టి, వంగి మొక్కేవాడు. తోడబుట్టినవాళ్లు లేని కౌసల్యమ్మ ఆ ఆకుల్ని దేవుడి గూట్లో దాచుకుని, నా తమ్ముడు, నా తమ్ముడు అని బస్తీ అంతా చెప్పుకునేది.

పోయిన వేసవిలో లక్ష్మీకాంత్‌కూ, వాటాదారైన అతని బావమరిది జనార్ధనరావుకూ కంపెనీ ఎవరిదన్న దగ్గర చెడింది. ఇద్దరూ కోర్టుకెక్కారు. కౌసల్యమ్మకు లక్షల్లో రాయల్టీ ఇచ్చినట్టు చూపించి లక్ష్మీకాంత్ పన్ను ఎగ్గొడుతున్నాడని, ఆమెకు పైసా ముట్టలేదని జనార్ధనరావు ఫిర్యాదు కూడా పెట్టాడు. దాంతో పన్నుల అధికారి ఫ్యాక్టరీకి వచ్చాడు. తమిళనాడు నుంచి కొత్తగా బదిలీ అయినవాడు, తెలుగు అంతంతమాత్రం.

అధికారి పిలిపిస్తే కారం చేతులతోనే కౌసల్యమ్మ ఆఫీసు గదిలోకి వెళ్లింది. లక్ష్మీకాంత్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమెకు జాలేసింది. తమ్ముడికేదో కష్టమొచ్చింది, తను నాలుగు మంచి మాటలు చెబితే గట్టెక్కుతాడనుకుంది. ఎంత పిచ్చిది!

"పేరు వాడుకున్నందుకు ఈయన మీకేమైనా ఇచ్చారా అమ్మా?" అని అధికారి అడిగాడు.

"అయ్యో, ఇయ్యకేంది సారూ! ఏటా దసరాకు ఇంటికొచ్చి బంగారం ఇస్తడు. కాళ్లు మొక్కి మరీ ఇస్తడు."

అధికారి రాసుకున్నాడు. "ఎంత బంగారం?"

ఆమెకు నవ్వొచ్చింది. "ఎంతేంది సారూ! తమ్మీ, జర సారుకు నువ్వే చెప్పు, గా బంగారం ఎట్లుంటదో."

లక్ష్మీకాంత్ ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. తర్వాత అధికారి వైపు తిరిగాడు.

"ఏటా పది తులాలు సార్. నగదు వద్దు, బంగారమే కావాలన్నారు. ఆవిడే ఒప్పుకున్నారుగా."

కౌసల్యమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థం కాగానే, "ఆకు సారూ! అది జమ్మి ఆకు!" అని అరిచింది.

"పన్ను కట్టాల్సొస్తుందని ఆవిడ మాట మారుస్తున్నారు సార్" అన్నాడు లక్ష్మీకాంత్. అక్క అన్న పిలుపు ఆవిడగా మారిందని ఆమె ఆ నిమిషంలోనే గమనించింది. అన్నిటికన్నా అదే ఎక్కువ కోసింది.

కంపెనీ ఎవరిదో ఇంకా తేలలేదు. కౌసల్యమ్మ పని మాత్రం పోయింది. వచ్చిన ఆదాయం దాచిందని ఆమె పేరున నోటీసు వచ్చింది. బస్తీలో ఉన్న ఆ ఒక్క గది ఇల్లు మిగులుతుందో లేదో వకీలు కూడా చెప్పలేకపోతున్నాడు. చెమటోడ్చిన చేతికి ఈ లోకం చేసిన మర్యాద ఇదీ!

మళ్లీ దసరా వచ్చింది. కూతురు దుర్గాభవాని జమ్మి తెచ్చి, "బంగారం తీసుకో అమ్మా" అంటూ చెయ్యి చాచింది.

కౌసల్యమ్మ తన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆకు అను బిడ్డా. పక్కింటోళ్లకు ఇనవడేటట్టు, గట్టిగ ఆకు అను."