పడవలో ఇంకా ఎంతమంది

పోయినవాటిని మొదట లెక్కపెట్టాను. ప్రాచీన గ్రీకు చిత్రకారుల్లో పేరుమోసినవాళ్లు వేసిన గోడబొమ్మ ఒక్కటీ మిగల్లేదు. రంగులు రాలిపోయాయి, గోడలే కూలిపోయాయి. ఒక గోడను మాత్రం అది కూలకముందే కళ్లారా చూసిన బాటసారి, దానిమీది మనుషులను ఒకరి తర్వాత ఒకరిగా రాసిపెట్టాడు. ఆ రాతకు ఇంగ్లీషు అనువాదం 1982 చలికాలంలో మా ఎడిసన్ ఊరి లైబ్రరీలో నాకు దొరికింది.

నా భార్య పెళ్లికి ముందు డ్రాయింగ్ టీచరు. అమెరికా వచ్చి ఆరేళ్లయినా కుంచె పట్టలేదు. నేను చదివి వినిపిస్తే, ఆ గోడబొమ్మలో సగం, చనిపోయినవాళ్ల లోకం ఉన్నది, మా బేస్‌మెంట్ గోడమీద వేస్తానంది.

"మనుషులెంతమందో మీరు చెప్పండి, స్పేస్ నేను అడ్జస్ట్ చేసుకుంటా. ఇది కుదరకపోతే ఇంక బ్రష్ ముట్టుకోను."

నేను కాలేజీ మొహం చూడలేదు కాని, లెక్కల్లో ధీమా ఉండేది. డెబ్బైరెండు పేర్లు, ఇరవైనాలుగు అడుగుల గోడ. మనిషికి నాలుగంగుళాలు అని చెప్పాను.

మూడోవారం ఆమె పెన్సిల్ ఆగింది. బొమ్మలన్నీ ఆఫీసు వేళ రైల్లో నిలబడ్డట్టు ఇరుక్కుపోయాయి.

"ఏవండీ, ఈయన ఏం చేస్తున్నాడు?"

"ఆయన పక్కవాడి తండ్రి."

"ఎవరని కాదు. ఏం చేస్తున్నాడు?"

పుస్తకం తిరగేశాను. ఏమీ చేయడం లేదు, అసలు బొమ్మలోనే లేడు. "ఫలానావారి కొడుకు" అని రాసిన ప్రతిచోటా ఇద్దరిని లెక్కవేశాను. మా శుభలేఖల్లో తండ్రి పేరుందంటే ఆయన పందిట్లో ఉన్నట్టే మరి.

"ఫాదర్స్ అందర్నీ ఇన్వైట్ చేశారన్నమాట. తాతలేం పాపం చేశారు?"

మూడు వారాల పని పాడుచేశాను, ఇక మానేస్తుందనుకున్నాను. ఆమె రబ్బరు తీసుకుని తండ్రులను ఒక్కొక్కరినే పంపించింది. ఇరవైనలుగురు పోగా నలభై ఎనిమిది మంది, మనిషికి ఆరంగుళాలు. వేసవికల్లా రంగులు పడ్డాయి.

చివర వైతరణి లాంటి నదిమీద పడవ వేసింది. నడిపే ముసలివాడు, ఒక యువకుడు, ఒడిలో పెట్టెతో ఒక అమ్మాయి. పడవలో మిగతావాళ్లు స్పష్టంగా లేరని మాత్రం రాశాడు బాటసారి.

"స్పష్టంగా లేరంటే ఎంతమందండీ?"

"కొంచెం టైమివ్వు, చెప్తాను."

"ఈసారి నిదానంగానే చెప్పండి."

పడవలో జాగా వదిలేసి ఆమె మిగతా సగానికి పక్కగోడ మొదలుపెట్టింది. ఆ సంఖ్య ఇప్పటికీ నేను ఆమెకు బాకీ.