మేము ఏడిపించిన రాక్ అండ్ రోల్

మద్రాసు ఇంకా చెన్నై కాని ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో టైపిస్టు ఉద్యోగం, ఆదివారాలు మా మామ బృందంలో కీబోర్డు వాయించడం. ఇంతకంటే లోకజ్ఞానం ఏం కావాలి? (ఇంగ్లీషు పాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు, అది వేరే సంగతి.) మామ అంటే మా అమ్మ తమ్ముడు, పెళ్ళిళ్ళలో సినిమా పాటలు పాడేవాడు.

ఆ ఏడు మా మేనేజరు రిటైరయ్యాడు. చాటుగా ఆయన్ని 'గడియారం' అనేవాళ్ళం. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. నా ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం ఆయన బల్లమీదే ఉండేది. వీడ్కోలు సభకు వారం ముందు ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి ఒక ఇంగ్లీషు పాట క్యాసెట్టు ఇచ్చింది. "పెళ్ళయిన కొత్తల్లో మేమిద్దరం ఈ పాటకే ఆడినామమ్మా. ఆయనకి చెప్పొద్దు. సభలో మీరు వాయించాల" అంది.

ఇంటికి తెచ్చి మా టేప్‌రికార్డరులో వేశాం. ఏడాదిగా దాన్ని రేడియోకే వాడుతున్నాం కాబట్టి లోపలి బెల్టు సాగిపోయిందని ఎవరికీ తెలియదు. పాట బరువుగా, ఈడ్చుకుంటూ, బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. శ్రుతి చూస్తే ఎఫ్‌కీ ఎఫ్ షార్ప్‌కీ మధ్య ఎక్కడో ఉంది. "మామా, దీనికి నా కీబోర్డులో మెట్టే లేదు" అన్నాను.

"పాతకాలపోళ్ళు అట్టనే పాడతారులే, నువ్వు ఎఫ్ పట్టుకో" అని మామ చెవి ఆనించి విన్నాడు. "అయ్యో పావం! డాన్సు, డాన్సు అంటా ఉండాడు చూడు. కాలు విరిగిందేమో, ఇంక ఆడలేనని ఏడస్తా ఉండాడు."

నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఆ దుఃఖం చాలదన్నట్టు ఇద్దరం కలిసి వేగం ఇంకా తగ్గించాం. నేను వయొలిన్ ధ్వని కూడా చేర్చాను.

సభనాడు మామ కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. రెండో చరణానికి క్యాంటీను ఆయన ముక్కు చీదాడు. గడియారం కట్టెలా కూర్చున్నాడు. ఆయన భార్య తల వంచుకుంది, భుజాలు అదురుతున్నాయి. ఎంత కదిలిపోయిందో అని పొంగిపోయి వయొలిన్ ఇంకాస్త పెంచాను. ఆవిడ లేచి వేదికెక్కి నా చెవిలో అడిగింది, "ఏమ్మా, ఎవురు పోయినారు?"

ఆవిడ ఏడవడం లేదు. నవ్వాపుకోలేక అల్లాడుతోంది!

"ఇట్ట గాదు. ఏదీ, నాతో రా" అంటూ పాట ఎత్తుకుని చప్పట్లు కొట్టింది. గుర్రం పరిగెత్తినట్టుంది ఆ లయ. ఆవిడ గొంతును అందుకోవడానికి శ్రుతి పెంచే మీట నాలుగుసార్లు నొక్కాను, ఎఫ్ నుంచి 'ఏ' శ్రుతికి చేరింది. మామ గొంతు అంత ఎత్తుకు అందక కీచుమని ఆగిపోయింది. ఆవిడే మైకు లాక్కుని పాడింది. అదే పాట, అవే మాటలు. ఇప్పుడు వింటే కాలు విరిగిన మనిషి కాదు, కాలు నిలవని మనిషి.

గడియారం లేచాడు. మెడలో దండ తీసి కుర్చీమీద పెట్టాడు. "చాలమ్మా, దిగు" అంటాడనుకుని బిగుసుకుపోయాను. "ఆపొద్దు, వాయించు!" అని అరిచి, భార్య ముందు మడమలమీద గిర్రున తిరిగాడు. క్యాంటీను ఆయన ఈల వేశాడు.

తిరుగు రైలెక్కాం. రాయపురం దాటాక మామ ఉన్నట్టుండి ఆ పాటను అసలు వేగంలో గట్టిగా ఎత్తుకుని, టిఫిన్ డబ్బామీద తాళం వేయసాగాడు. పెట్టె అంతా మా వైపు తిరిగింది. నేను ఆయనెవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నాకు ఆనాటి మామ వయసు దాటింది. ఆ కిటికీ పక్కనున్న పిల్ల దొరికితే భుజం పట్టి ఇటు తిప్పి, "పాడవే, ఎవరేమనుకుంటే నీకేం!" అనాలనిపిస్తుంది.